పల్లీ మేక

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన పాత పేపరు మీద పెన్నుతో పులిజూదం పటం గీశాడు.

"బండికి జెర టైముంది. ఒక ఆట ఆడుదమా సార్?"

సంచీని కాళ్ళ మధ్యకు లాక్కుని సరేనన్నాను. మూడు కూల్‌డ్రింక్ మూతలు నా పులులు. ఆయన పొట్లంలోంచి తీసిన పదిహేను వేయించిన పల్లీలు మేకలు.

"పులి దుంకి కొట్టిన మేకను నోట్లె ఏసుకోవాలె. మా మౌలాలిల గిట్లనే ఆడుతం."

అప్పుడే మైకు, అపరిచితులు ఇచ్చినవి తినవద్దని హెచ్చరించింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కాసేపటికి ఒక మేక నా పులికి చిక్కింది. దూకితే పల్లీ తినాలి. దూకకపోతే పులికి దారి మూసుకుపోతుంది. పల్లీని చూశాను, ఆయన్ని చూశాను, పులిని వెనక్కి జరిపాను. నాలుగు ఎత్తుల్లో మూడు పులులూ కదల్లేకుండా ఇరుక్కుపోయాయి.

"మేకను జూసి బెదిరిన పులిని ఇయ్యాలనే జూస్తున్న సార్" అంటూ ఆయన మేకల్ని ఏరుకుని, ఒక్కొక్కటే నములుతూ బండెక్కడానికి వెళ్ళిపోయాడు.

నేను కొట్టకుండా వదిలేసిన మేక మాత్రం దాని చోటే ఉంది. అన్నీ తిన్నవాడు అదొక్కటే ఎందుకు వదిలాడో, నాకు ఇప్పటికీ అనుమానమే.