గది అడగబోయిన పిల్ల

ఆదివారం చర్చికి పోవడం చూసిన ఇంటామె, "మీదేం కులమో ముందే చెప్పాల గదా పాపా" అని గది ఖాళీ చేయమంటే ప్రసన్నకుమారి సంచి భుజాన వేసుకుని బయటికొచ్చింది. కొండాపురం పక్కనున్న సొంతూరు గండికోట రిజర్వాయరు నీళ్లలో మునిగింది. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే ఈ పిల్లకు అద్దం తగిలించుకోను తనదనే గోడొకటి కావాలని ఆశ. అయినా ఏ అద్దె గదిలోనూ మేకు కొట్టదు, సంచిలోని బట్టలు పూర్తిగా తీయదు. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తదు. నిన్న మళ్లీ గది వెతుకుతుంటే పైకులపు స్నేహితురాలు అమూల్య, "నా పేరు చెప్పు మే, ఇస్తారు" అంది. "రోజూ ఆ పేరుకు పలకాల గదా మే" అని నవ్వి, ఒక ఇంటి గేటు దగ్గర తన పేరే గట్టిగా చెప్పింది. గేటు మూసేశారు. ఆమె పక్కింటి వైపు నడిచింది. గదులున్నవాళ్లారా, రేపు ఈ పిల్ల మీ వాకిట్లో నిలబడితే కులం అడక్కండి. తాళం తీసి గది చూపించండి.