రకం తేలేదాకా

జగిత్యాల పిల్లల డాక్టరమ్మ పోయారని మొన్న పొద్దున ఆమె దగ్గర పనిచేసిన నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఏం జబ్బని అడగబోయి ఆగిపోయాను. ఏ జబ్బయినా, డాక్టరమ్మ దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకుని ఉండరు.

మీలో కోరుట్ల, మెట్‌పల్లి వైపు పిల్లల్ని పెంచినవాళ్లకు ఆమె అనుమానం తెలిసే ఉంటుంది. రిపోర్టు చేతికిస్తే ముందు దాన్ని అనుమానించేవారు, తర్వాత తల్లిని. జ్వరం ఎప్పటినుంచని నన్ను అడిగి, కాసేపాగి మా అత్తమ్మను విడిగా అడిగేవారు. రెండు మాటలూ కలిస్తేనే రాసుకునేవారు.

మా బిడ్డకు అప్పుడు మూడేళ్లు. చెవికి పైన, తలమీద మెత్తటి బుడిపె లేచింది. నొక్కితే కింద ఎముక లేనట్టుండేది. ఒక ఆసుపత్రిలో ఎముకకు క్షయ అని మందులు రాశారు. డాక్టరమ్మ ఆ మాట నమ్మలేదు. ముక్క తీయించి పరీక్షకు పంపితే లాంగర్‌హాన్స్ హిస్టియోసైటోసిస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన కణాల్లాంటివే గుంపుకట్టి ఎముకను తినేస్తాయని ఆమె విడమరిచి చెప్పారు. పేరు తెలిసింది కదా, మందు మొదలుపెట్టమన్నాం.

“పేరు ఒకటే అమ్మా, రకాలు వేరు. ఒక్క ఎముకలోనే ఉంటే గీకి తీసేస్తే సరిపోవచ్చు. కాలేయంలోకో, ప్లీహంలోకో, మూలుగలోకో పోయిందంటే ప్రాణం మీదికొస్తుంది, గట్టి మందు పడాలి. ఏ రకమో తేలేదాకా నేను రాయను” అన్నారు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఆమెది కోస్తా యాస. సిరిసిల్లలో బట్టలు నేసే సాంచాలు నడిపే మా అన్నకు ఆమె మీద గురి కుదరలేదు.

“ఆమెది గీ ప్రాంతం గాదు. మన పొల్లమీద పని నేర్చుకుంటున్నదో ఏందో” అన్నాడు. నాకూ లోపల అదే గుబులు.

స్కానింగుకు రమ్మన్న రోజే బంద్. బస్సుల్లేవు. కోరుట్లలో మా ఇంటినుంచి అన్న బండి మీద, బిడ్డను మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. జగిత్యాల ఇంకాస్త దూరముందనగా రోడ్డుకడ్డంగా ఉద్యమకారుల వంటావార్పు. పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది, డప్పులు మోగుతున్నాయి. అవతలివైపు డాక్టరమ్మ కారు ఆగి ఉంది. మేం రామేమోనని అనుమానమొచ్చి ఆమే కోరుట్లకు బయల్దేరారట.

ఆమె మాట విన్న ఒకతను, “మేడం, మీది ఏ ఊరు?” అని నిలదీశాడు. ఆమె దాచలేదు. గుంటూరు వైపని చెప్పి, కూర్చోవడానికి పరిచిన జంపఖానా కాస్త ఖాళీ చేయమన్నారు. బిడ్డను దానిమీద పడుకోబెట్టి, డప్పులు ఆపమని చేత్తో సైగ చేశారు. ఆపారు. ముందు కుడి పక్కటెముకల కింద, తర్వాత ఎడమవైపు, వేళ్లతో మెల్లగా వెతికారు. అన్న ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు.

“ఏమీ తగల్లేదు. కానీ నా చేతిని నేను నమ్మను. స్కాన్ తీద్దాం పదండి” అన్నారు.

అన్న వాళ్లవైపు తిరిగాడు. “మా చెల్లె బిడ్డను సూసే డాక్టరమ్మ. జర తొవ్వియ్యుండ్రి.”

అన్నం ఉడుకుతున్న గంజులను పక్కకు జరిపి దారిచ్చారు.

కాలేయం, ప్లీహం బాగున్నాయి. మూలుగ పరీక్షలోనూ ఏమీ రాలేదు. ఒక్క ఎముక రకమే. హైదరాబాద్‌లో గీకి తీశారు, గట్టి మందుల అవసరం రాలేదు. మేం ఊపిరి పీల్చుకున్నాం కానీ ఆమె పీల్చుకోలేదు. ఈ జబ్బు మెదడులోని గ్రంథిని పట్టుకుంటే విపరీతంగా దాహమేస్తుందట. ఏటా పిల్లను పిలిపించి, నీళ్లు ఎన్ని తాగుతోందని మా అందరినీ తలో మూలకు పిలిచి అడిగేవారు. “నా అనుమానం తప్పయితే నాకంటే సంతోషించేవాళ్లు లేరు” అనేవారు.

రాష్ట్రం వచ్చాక అన్న మిఠాయి తీసుకెళ్లాడు. వాసన చూసి, ఎప్పుడు చేసిందని అడిగి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకున్నారట.

కిందటి ఎండాకాలం మా బిడ్డ కాలేజీలో చేరబోతూ ఆమెకు చెప్పిరావడానికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మ బాగా చిక్కిపోయారు, మాట కూడా ఆగి ఆగి వస్తోంది. బిడ్డను దగ్గరికి పిలిచి, జడ వదులుచేసి, చెవి పైన జుట్టులోకి వేళ్లు పోనిచ్చారు. కళ్లు మూసుకుని, పూడుకున్న ఎముక అంచు వెంబడి మెల్లగా తడుముతూ ఉండిపోయారు. మా బిడ్డ తల వంచి, ఆ వేళ్లు ఆగేదాకా కదలకుండా నిలబడింది.