మూత ఉన్న డ్రమ్ము

నా బండికి ఎప్పుడూ ఆయిల్ మార్చే మెకానిక్ షెడ్డు పుత్తూరు రోడ్డులో ఉంది. తీసిన పాత ఆయిల్‌ను ఆయన వెనక కాలువలో పారబోయడం చూడలేక, పోయిన నెల మూత ఉన్న కొత్త డ్రమ్ము ఒకటి కొనిచ్చాను. ఇందులో పోసిపెట్టి, పాత ఆయిల్ కొనుక్కుపోయేవాళ్లకు ఇవ్వమన్నాను.

ఈ రోజు సాయంత్రం వెళ్తే, ఆ డ్రమ్ము షెడ్డు ముందర బల్ల మీద తళతళలాడుతోంది. మూత మీద గ్లాసు బోర్లించి ఉంది. నా బండిలోంచి తీసిన నల్లటి ఆయిల్ మాత్రం నా కళ్ల ముందే కాలువలోకి పోయింది.

"డ్రమ్ములో ఏముందన్నా?" అని అడిగాను.

"తాగే నీళ్లు సామీ. అంత మంచి డ్రమ్ములో మడ్డి ఆయిల్ పోసేదానికి మనసు రాలేదు. ఇంటికాడ నుంచి తెచ్చి నింపినాను."

"ఇక్కడ బోరుంది కదా?"

"ఆ నీళ్లు యాడ తాగేది? రెండేండ్లుగా ఆయిల్ వాసన కొడతా ఉండాది."

అంటూనే గ్లాసు నిండా ముంచి ఇచ్చాడు. నోరెండిపోయి ఉంది, తాగేశాను.

మీలో ఎవరైనా ఇలాగే డ్రమ్ము కొనిచ్చి నిశ్చింతగా ఉంటే, ఒకసారి వెళ్లి మూత తీసి చూడండి. ఏముందో నాకూ చెప్పండి.