అమ్మ అడిగి తీసుకున్న మూడు రోజులు

పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, నాకు మనవడయ్యే ఈడువాడు, గుమ్మం దగ్గర నిలబడి బయటికి వచ్చేవాళ్లందరికీ తలా ఒక కాగితం ఇచ్చాడు. పైన ‘నా ఏకాంత ప్రార్థన ప్రణాళిక’ అని అచ్చువేసి ఉంది. కింద ఎక్కడికి వెళ్తారు, ఎన్ని రోజులు, బైబిల్లో ఏ వాక్య భాగాలు చదువుతారు, ఫోను ఎవరికి అప్పగించి వెళ్తారు అని వరసగా గళ్లు, చిట్టచివర ‘ఈ ఏకాంతం నుంచి మీరు ఏమి ఆశిస్తున్నారు?’ అని ఒక ప్రశ్న, దాని కింద నాలుగు ఖాళీ గీతలు. మోకాళ్ల నొప్పులతో నేనెక్కడికి వెళ్లగలను బాబూ అని కాగితం అతని చేతికే తిరిగి ఇచ్చేసి, ఆటో ఎక్కి విజయనగరంలో నా రెండు గదుల ఇంటికి వచ్చేశాను. కానీ ఆ రోజు వండుకున్నది సరిగ్గా తినలేకపోయాను. దాదాపు యాభై ఏళ్ల కిందట ఇలాంటి కాగితమే ఒకటి, అచ్చువేసింది కాదు, మా అమ్మ నా స్కూలు నోటుపుస్తకంలోంచి చింపి పెన్సిలుతో రాసుకున్నది, ఎన్నిసార్లు రాసి ఎన్నిసార్లు చెరిపిందో నేను చూశాను.

మా నాన్నగారు గజపతినగరం దగ్గర ఒక చిన్న సంఘానికి కాపరి. మిషను రోజుల్లో కట్టిన పెంకుటిల్లు మాది, పక్కనే మందిరం. మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పాస్టరుగారి భార్యంటే సంఘంలో సగం పని ఆవిడదే. స్త్రీల కూటం నడపాలి, పురుళ్లకు వెళ్లాలి, చావులకు వెళ్లాలి, ఉపవాస ప్రార్థనలకు పల్లెల నుంచి ఆడవాళ్లు వచ్చి మూడేసి రోజులు ఉంటే, వాళ్లు ఉపవాసం విడిచే వేళకు గంజి కాచి పెట్టాలి. అందరి ఏకాంతాలకూ అన్నం వండింది మా అమ్మ. ఆవిడకంటూ ఒక ఏకాంతం కావాలని ఎవరికీ తోచలేదు, నాక్కూడా.

ఆవిడ దాన్ని అడిగింది మా తమ్ముడు పోయాకే. వాడికి తొమ్మిదేళ్లు. ఆ ఏడు వానలకి మా చుట్టుపక్కల పల్లెల్లో మెదడువాపు జ్వరం వచ్చి చాలామంది పిల్లల్ని తీసుకుపోయింది. వేరే కాపరి ఎవరూ అందుబాటులో లేక నాన్నగారే తన కొడుకు సమాధి కార్యక్రమం జరిపించారు. మట్టి వేసే ముందు, ఇది దేవుని చిత్తం అని గొంతు వణక్కుండా చెప్పారు. నాన్నగారు కఠినుడు కాదు. ఆ తరవాత ఆరునెలలపాటు ఆయన వాడి చెప్పులు మంచం కింద నుంచి తీయనివ్వలేదు. కానీ ఆయన ఆ మాట చెప్పినప్పుడు అమ్మ తలెత్తి ఆయన వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

తమ్ముడు పోయిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ, ఎవరితోనూ కాదన్నట్టుగా, మూడు రోజులు ఎక్కడికైనా పోయి ఒక్కర్తినీ కూర్చుని ప్రార్థన చేసుకోవాలని ఉంది అంది. నాన్నగారు సరే అన్నారు. సరే అన్నారే గానీ మొదటి ఏడు నాన్నగారికి టైఫాయిడ్ వచ్చింది, రెండో ఏడు గాలివానకు మందిరం పైకప్పు లేచిపోయి ఆరాధన మా ఇంట్లోనే జరిగింది, మూడో ఏడు ఉజ్జీవ కూటాలని వారంపాటు జరిగే సభలకు వచ్చిన ప్రసంగీకులు మా ఇంట్లోనే దిగారు. ఈలోగా నాకు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ ఏడు దసరా సెలవుల్లో నేను తోడు వెళ్తానని పట్టుబట్టాను.

అప్పుడు రాసుకుంది అమ్మ తన ప్రణాళిక. చోటు సాలూరు అవతల కొండ కింద, మిషను దొరలు ఒకప్పుడు వేసవికి కట్టుకున్న బంగళా. దొరలు వెళ్లిపోయి చాలా ఏళ్లయింది, ఒక ముసలి కాపలాదారు మాత్రం ఉండేవాడు. మొదటి రోజు ఉపవాసం, పాపాల ఒప్పుకోలు. రెండో రోజు వాక్య ధ్యానం, మౌనం. మూడో రోజు ఎదురుగా ఒకే ఒక్క మాట రాసింది, ‘అడగడం’ అని. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం అంతా చదివి, మంచి ఉద్దేశంతోనే, తన కలం తీసి ఆ మాట కొట్టేసి ‘స్తోత్రార్పణ’ అని రాశారు. అమ్మ కాగితం మడిచి పుచ్చుకుంది.

మేము బయల్దేరే రోజు పొద్దున్నే ఒకామె వచ్చింది. పొలం పనులకు వెళ్లే మనిషి, మా సంఘస్తురాలే, నేను పిన్నీ అని పిలిచేదాన్ని. తమ్ముడు పోయిన వారానికే ఆమె ఏడేళ్ల కూతురూ అదే జ్వరంతో పోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని, చాలా మామూలుగా, ఊరెళ్లేవాళ్లకు కబురు చెప్పి పంపినట్టు అడిగింది.

“అమ్మగోరూ, నువ్వెల్తన్నావు కదా. మా గుంట ఎక్కడున్నాదో, ఎలగున్నాదో, ఆ మాట కూడా ఓసారి అడిగీమ్మా. నానడిగితే నాకు సెప్తాడేటి.”

అమ్మ తల ఊపింది. బస్సులో రామభద్రపురం దాటేదాకా ఆ కాగితం చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

బంగళాలో ఒక గది మాత్రమే కురవకుండా ఉంది. కిటికీలోంచి కొండ కనిపించేది. ఘాట్ రోడ్డు ఎక్కే సాలూరు లారీలు మలుపుల దగ్గర గేర్లు మార్చే చప్పుడు రోజంతా వినపడుతూనే ఉండేది. నేను వెనక వసారాలో మూడు రాళ్లు పెట్టి పొయ్యి వేశాను. మొదటి రోజు అమ్మ, నా చేతి గడియారం అడిగి పెట్టుకుని, కాగితంలో రాసుకున్నట్టే గంట గంటకీ అన్నీ చేసింది. రెండో రోజు మౌనం అని రాసుకున్న వేళకు లోపలి నుంచి మాటలు వినిపించాయి.

అది ప్రార్థన చేసే గొంతు కాదు. పెద్దదిక్కయిన బంధువు ఎవరో ఇంటికొస్తే ఎదురుగా కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పుకునే గొంతు. వాడికి బీరకాయ కూరంటే పడదని చెప్పింది. వాన నీళ్లలో ఎలా గెంతేవాడో చెప్పింది. తరవాత నాకు తెలియని సంగతి చెప్పింది. వాడికి జ్వరం వచ్చిన ఆదివారం నాన్నగారు వేరే పల్లెకు ఆరాధనకు వెళ్లారు, నేను ట్రైనింగు హాస్టల్లో ఉన్నాను. పొద్దున్నే వాడికి ఒళ్లు కాలిపోతోంది, తల ఎత్తలేకపోతున్నాడు. ఆ రోజు స్త్రీల కూటంలో వాక్యం చెప్పాల్సింది అమ్మ. వచ్చినవాళ్లంతా ఎదురుచూస్తున్నారు. దేవుని పని ముందు చూసుకుంటే వాణ్ని ఆయనే చూసుకుంటాడని, తడిగుడ్డ వేసి, కూటం ముగించి, అప్పుడు బండి కట్టించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. అప్పటికి వాడికి మూర్ఛలు మొదలయ్యాయి.

“నీ పనికే కదా ఆగినాను. ఆగబట్టే పోనాడా? ఆ ఒక్క మాట సెప్పు. అవునంటే అవునను. నానింకేటీ అడగను.”

నేను పొయ్యి దగ్గర నుంచి లేచి చెరువుగట్టు దాకా నడిచి వెళ్లిపోయాను. వినకూడనిది విన్నాననిపించింది.

మూడో రోజు పొద్దున స్తోత్రార్పణ వేళ అమ్మ తలుపు వేసుకుంది. మధ్యాహ్నం దాకా అని అనుకున్నది, ఇంకా చాలా వేళ ఉండగానే తలుపు తీసుకుని బయటికొచ్చింది. నా పక్కన పీట మీద కూర్చుని, చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం మొదలెట్టింది. ఏమైందమ్మా అని అడిగాను.

“ఏటీ లేదే. మూడు రోజులు కూకున్నాను. అవునని లేదు, కాదని లేదు. గోడతోటి మాటాడినట్టే ఉన్నాది.”

ఏరిన రాయి వాకిట్లోకి విసిరి, “లోపల ఎవులూ లేరే” అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం బాగుండేది. ఆ పూట ఇద్దరం అన్నం తిని, గది ఊడ్చి, తాళం కాపలాదారుకి ఇచ్చి, సాయంత్రం బస్సుకి ఇంటికొచ్చేశాం.

తరవాతి ఆదివారం సంఘం ముందు ఆవిడ సాక్ష్యం చెప్పాలి, అంటే ప్రార్థనలో తనకు దొరికిందేమిటో అందరికీ చెప్పాలి. అది వాడుక, తప్పించుకునే వీలు లేదు. అమ్మ లేచి నిలబడింది. ఆడవాళ్ల వరసలో ముందు ఆ పిన్ని, కొంగు చేత్తో పట్టుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని అమ్మ వైపే చూస్తోంది. ఏమీ వినపడలేదని అమ్మ చెప్పేస్తుందేమోనని భయపడ్డాను. చెప్పాలనే లేచానని ఎన్నాళ్లకో నాతో అంది. కానీ పిన్ని వైపు చూసి, అడిగాను, జవాబు దొరికింది, మన పిల్లలిద్దరూ ఒక్క దగ్గరే ఉన్నారు, ఆడుకుంటున్నారు, వాళ్లకి జ్వరం లేదు అని చెప్పి కూర్చుంది. మందిరమంతా స్తోత్రం స్తోత్రం అంది. నాన్నగారు కళ్లు తుడుచుకున్నారు. పిన్ని బయటికొచ్చాక అమ్మ కాళ్లు పట్టుకోబోతే అమ్మ వెనక్కి తగ్గి గబగబా ఇంట్లోకి వెళ్లిపోయింది.

వంటింట్లో నాతో ఒక్కమాటే అంది. “ఏటి సెయ్యమంటావు? దాని మొకం సూసినావు కదా.”

ఆ తరవాత ఇరవై మూడేళ్లు అమ్మ పాస్టరుగారి భార్యగానే బతికింది. కూటాలు నడిపింది, పాటలు ఎత్తుకుంది, జబ్బుపడ్డవాళ్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆవిడ సాక్ష్యం విని పల్లెల నుంచి బిడ్డలు పోయిన తల్లులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. వాళ్లందరికీ అదే మాట చెప్పి, కాఫీ ఇచ్చి, ఓదార్చి పంపేది. కుటుంబ ప్రార్థనలో కళ్లు మూసుకున్న నాన్నగారికి తెలియదు గానీ, నేను ఎప్పుడు చూసినా అమ్మ కళ్లు తెరిచే ఉండేవి. నాన్నగారితో చెప్పమని నేను రెండుమూడుసార్లు అన్నాను. ఆయనకి ఉన్నదదొక్కటే, అది కూడా తీసెయ్యమంటావా అంది. నాన్నగారు ఆ సంగతి తెలియకుండానే, మంచి నమ్మకంతో, అమ్మకన్నా ముందే పోయారు.

అమ్మ చివరి రోజుల్లో పిన్ని రోజూ వచ్చి కూర్చునేది. అప్పటికి ఆమె చూపు మందగించింది. ఒకరోజు అమ్మ చెయ్యి తడుముతూ, “బయపడకమ్మా. నువ్వే సెప్పినావు కదా, ఇద్దరూ ఒక్క దగ్గరే ఉన్నారని. ఇప్పుడు నువ్వెల్లి సూస్తావు. మా గుంటకి నాను కూడా వస్తన్నానని సెప్పు” అంది. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. నేను అక్కడే ఉన్నాను. నిజం చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే, చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నానికి అమ్మ వెళ్లిపోయింది. సమాధి దగ్గర అందరూ ఆవిడ విశ్వాసం గురించే మాట్లాడారు.

నేనూ నా జీవితంలో చాలాసార్లు ప్రార్థన చేశాను, ఇప్పటికీ ఆదివారం తప్పకుండా మందిరానికి వెళ్తాను. ఎందుకని అడిగితే చెప్పలేను. వెళ్లకపోతే అమ్మ దాచినదాన్ని బయటపెట్టినట్టవుతుందనిపిస్తుంది. ఆ బంగళా కూలిపోయి, ఇప్పుడక్కడ లారీలు బాగుచేసే షెడ్డు ఉందని ఎవరో చెప్పారు. మందిరాలు పెద్దవయ్యాయి, మైకులు వచ్చాయి, ప్రార్థన ఫోన్లలో వచ్చి పడుతోంది. బిడ్డ పోయిన తల్లి నడిచొచ్చి వాకిట్లో కూర్చుని, ఒక్క కబురు అడిగిపెట్టమనే రోజులు పోయాయి. అబద్ధమే అయినా ఆ కబురు తెచ్చిపెట్టే మనుషులూ పోయారు. అమ్మకు ఎవరూ లేని మూడు రోజులు దొరకడానికి ఏళ్లు పట్టింది. పెళ్లి చేసుకోకుండా, రిటైరై, ఒంటరిగా ఉంటున్న నాకు ఇప్పుడు ఏడాది పొడుగునా ఏకాంతమే. కూర్చోవడానికి కావలసినంత వేళ ఉంది, అడగడానికే ఏమీ మిగల్లేదు.