చిన్నసుబ్బమ్మ మేడమెట్లు

ప్రొద్దుటూరులో ఆ వీధివాళ్లందరికీ చిన్నసుబ్బమ్మ పిండి మిషను తెలుసు. భర్త పోయాక ఇరవై ఏళ్లు రాగులు, జొన్నలు ఆడించి, ఇంటిమీద రెండు గదులు వేసుకుంది. వాటిని నగలకు మెరుగు పెట్టే నయీంకు బాడుగకిచ్చింది. అగ్రిమెంటు కూడా రాయించింది. ‘ఏ ప్రమాదం జరిగినా ఓనరుకు సంబంధం లేదు’ అన్న వాక్యం పట్టుబట్టి చేర్పించుకుంది. ఆ ఒక్క కాగితం ఉంటే చాలనుకుంది.

ఒకరోజు నయీం భార్య ఆర్షియా కిందికి దిగి వచ్చింది. "అక్కా, పైమెట్టు కాడ కమ్మీ ఊగుతాంది. మా అత్త దాన్నే పట్టుకోని దిగుతాది. శానా భయమైతాంది."

"చేపిస్తాలేమ్మా" అంది చిన్నసుబ్బమ్మ. మిషను కాడ జనం ఉన్నారు. మరిచిపోయింది.

వారం తర్వాత ఆర్షియా అదే మాట వాట్సాప్‌లో మాట్లాడి పంపింది. చిన్నసుబ్బమ్మ విని, దండం బొమ్మ పెట్టి ఊరుకుంది.

శుక్రవారం పొద్దున ధబ్‌మని చప్పుడు. బయటికి పరుగెత్తేసరికి నయీం తల్లి ఖదీజా మెట్ల కింద పడి ఉంది. ఊడిన కమ్మీ ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. చిన్నసుబ్బమ్మ ఆటో పిలవాలని కూడా తోచక, పిండి చేతులతో అట్లాగే నిలబడిపోయింది.

ఆస్పత్రిలో చూస్తే ఖదీజాకు తుంటి ఎముక విరిగిందన్నారు. నయీం ఫిర్యాదు ఇచ్చాడు, రమ్మని సాయంత్రానికి పోలీస్ స్టేషను నుంచి ఫోన్ వచ్చింది. చిన్నసుబ్బమ్మ అగ్రిమెంటు పట్టుకుని వకీలు ఈశ్వర్ దగ్గరికి పోయింది.

"ఇది రాసుకున్నాం కదప్పా, నాకేం సంబంధం?"

ఈశ్వర్ చదివి పక్కన పెట్టాడు. "కమ్మీ ఊగుతాందని నీకు ముందే చెప్పినారా?"

"రెండు తూర్లు చెప్పినారు."

"మెట్లు నీవి. తెలిసీ బాగు చేపియ్యలేదు. ఈ కాగితంలో మాట నిన్ను కాపాడదమ్మా."

ఆమె అగ్రిమెంటు మడుచుకుని ఇంటికి వచ్చింది.

లింగాల నుంచి వచ్చిన తమ్ముడు మోహన్ గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ మెసేజ్ తీసెయ్‌క్కా. ముసలామె తూలి పడిందను."

ఆమె ఫోన్ తీసింది. మెసేజ్ మీద వేలు పెట్టింది కూడా. అప్పుడు తనను చూసి తనకే దడ పుట్టింది. ఇంతకు తెగించానా అనుకుని వేలు తీసేసింది.

స్టేషన్లో అడగకముందే చిన్నసుబ్బమ్మ ఫోన్ తీసి, ఆర్షియా పంపిన మెసేజ్ ఎస్సైకి వినిపించింది. "నాకు తెలుసు సార్. నేనే చేపియ్యలేదు." బెంచీ మీదున్న నయీం తల ఎత్తి ఆమెను చూశాడు.

కేసు పెట్టారు. కొన్ని నెలలకు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఖదీజా వైద్యం ఖర్చంతా చిన్నసుబ్బమ్మే భరించింది. నయీం వాళ్లు ఇల్లు మారారు.

కొత్త ఇంటికి ఆమె పలకరించడానికి వెళ్లింది. గడప దగ్గరే ఆగిపోయింది. వాకర్ పట్టుకుని నిలబడ్డ ఖదీజా ఆమెను చూసింది.

"నాకు కోపం లేదని చెప్పను సుబ్బమ్మా" అంది. "ఆడ నిలబడినావేంది? లోపలికి రా."