గంజి పెట్టిన పాత పంచె

మొన్న కుక్కరు గాస్కెట్టు తెగిపోయి, ఎన్నేళ్ళ తర్వాతో గిన్నెలో అన్నం వండి గంజి వార్చాను. హూడిలోని మా ఫ్లాటు నిండా ఆ వెచ్చని, కాస్త తియ్యని వాసన కమ్ముకునేసరికి చేస్తున్న పని మానేసి గిన్నె ముందే నిలబడిపోయాను. అవతల బల్ల మీద మా చిన్నమ్మ పెళ్ళి రవిక ఉంది. తన కూతురి కొలతకు వదులు చేయమని పంపుతూ, లైనింగు విప్పినప్పుడు లోపలి గుడ్డ ఉందో, పురుగు తినేసిందో చూసి చెప్పమని ఫోనులో మరీ మరీ అడిగింది. ఆ పొద్దుటినుంచీ నాకు కత్తెర పట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. కాటన్‌పేటలో మా తాత ఇంట్లో, కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను ముందు కూర్చుని, గుడ్డను రింగులో బిగించి పూలు కుట్టేది. ఉత్త గుడ్డ మీద కుడితే దారం లాగేసి ముడతలు పడుతుంది కాబట్టి కింద ఏదో ఒకటి పెట్టాలి. ఇప్పుడు స్టెబిలైజరని చుట్టలు చుట్టి అమ్ముతున్నారు గానీ, అప్పుడు మాకు పాత పేపరు, బేకరీలో బన్నులు చుట్టిచ్చిన కాగితం, నెల దాటిన క్యాలెండరు షీటు, ఏది చేతికందితే అదే. కుట్టాక వెనుక కాగితం చింపే పని పిల్లలది. నెమలి పొట్టలో సగం సినిమా ప్రకటన, చిలక రెక్కలో సగం వాన కబురు చదువుకుంటూ, గుండుసూదితో ముక్కలు పెరుక్కుంటూ, అవరేకాయలు, అదే అనపకాయల కాలమైతే గింజలు పితకడానికి రమ్మని అవ్వ కేకేసేదాకా అక్కడే పడి ఉండేవాళ్ళం.

పట్టుకు మాత్రం గంజి గుడ్డే కావాలి. ఒంటి మీద ఏళ్ళ తరబడి నలిగి మెత్తబడిన నూలు గుడ్డను చిక్కటి గంజిలో ముంచి, మిద్దె మీద ఆరేసి, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేస్తే అప్పడంలా నిలబడేది. శ్రావణంలో సన్నజల్లు రోజంతా వదలకపోతే స్నానాల గదిలో నీళ్ళు కాగే హండే పైన తాడు కట్టి ఆరేసేది అవ్వ. అందుకే నాకు వానాకాలమంటే కట్టెల పొగా గంజీ కలిసిన వాసన. ఆ గుడ్డలు ఎక్కువగా తాత పంచెలే. సాయంత్రం అంగడి మూసి, వేయించిన శనక్కాయలు పంచె మడతలో పోసుకొచ్చే తాత, “చినిగేదాంకన్నా తాళుకోమ్మా, నీకే ఇచ్చేస్తాను” అని కూతుర్ని ఆటపట్టించేవాడు.

ఆ తాత ఒక చలికాలంలో పోయాడు. పెద్దాయన పోయిన ఇంట్లో ఏడాది లోపలే పెళ్ళి చేయాలి, లేకుంటే మూడేళ్ళు ఆగాలన్నారు. అలా చిన్నమ్మ పెళ్ళి తొందరగా కుదిరింది. తాత బట్టలన్నీ కర్మలప్పుడే ఇచ్చేశారు. అవ్వ ఒక్క పంచె మాత్రం పెట్టె అడుగున దాచుకుంది, దాన్ని ఎవరినీ తాకనిచ్చేది కాదు.

పెళ్ళి రవిక వీపు మీద మామిడి పిందెలు కుట్టుకుందామని చిన్నమ్మ కూర్చుంది. మిగులు పట్టు ముక్క కింద పేపరు పెట్టి చూస్తే చేతి చెమటకు సిరా అంటుకుని అక్షరాలు దిగాయి. క్యాలెండరు షీటు పెడితే సూది పోట్లకు మధ్యలోనే ఊడిపోయింది. గంజి పెట్టడానికి ఇంట్లో పాత గుడ్డ పీలిక కూడా లేదు. చిన్నమ్మ మిషను మీద తల వాల్చి ఏడ్చేసింది. అది రవిక కోసం ఏడుపు కాదని అంత చిన్నదాన్నైనా నాకు తెలిసిపోయింది.

“నాయన లేని పెండ్లి నాకొద్దక్కా” అంది మా అమ్మతో.

అవ్వ లేచి వెళ్ళి, పెట్టెలోని పంచె తెచ్చి, పళ్ళతో అంచు కొరికి పర్రున చించింది. అమ్మ హడలిపోయింది.

“పోయినోళ్ళ గుడ్డ పెండ్లి రవికలోనా? నలుగురూ ఏమంటారమ్మా!”

“ఎవురే పోయినోళ్ళు? దాని నాయన! పీటల మీద దాని ఈపుకాడ ఉండాడనుకో. పోయి గంజి దేపో” అంది అవ్వ.

పెళ్ళిలో చిన్నమ్మ పీటల మీద వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఓళిగలు తింటూ చుట్టాలు పెళ్ళికూతురి ఠీవి చూడండని చెప్పుకున్నారు. నేను అవ్వ వైపు చూస్తే, అవ్వ కూతురి మొహం కాదు, వీపే చూస్తోంది.

ఇప్పుడు నా దగ్గర కంప్యూటరు మిషనుంది. దాని కింద పెట్టే పొర నీళ్ళలో ముంచితే ఆనవాలు లేకుండా కరిగిపోతుంది. గొప్ప వస్తువే, కాదనను. కానీ మొన్న ఆ గంజిని పారబోయబుద్ధి కాక ఇల్లంతా వెతికితే, అందులో ముంచడానికి ఒక మనిషి ఒంటి మీద నలిగి మెత్తబడిన గుడ్డ ఒక్కటీ దొరకలేదు. పాతబడకముందే పారేసే బట్టలే అన్నీ. ఇంత బతుకు బతికి ఒక పాత గుడ్డకు కరువైపోయామే అనిపించి, చెప్పలేనంతగా అవ్వ గుర్తొచ్చింది.

చివరికి లైనింగు విప్పాను. అంచుల్లో పురుగు కొట్టి గుడ్డ జల్లెడైపోయింది. వేలు పెట్టి ఇంకాస్త లోపలికి చూస్తే, పిందెల వెనుక దారాలు పట్టి ఉంచినంత మేరా పంచె కాస్త పచ్చబడి, అలాగే ఉంది. చిన్నమ్మకు ఫోను చేశాను.

“ఏం పాపా, చూస్తివా? మా నాయన ఉండాడా?”

“ఉండాడు చిన్నమ్మా.”