ముగ్గుపిండి బాత్రూం

"కట్టని బాత్రూంలో మనిషి ఎట్టా పడతాడే? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు!"

నెల్లూరు ఆస్పత్రిలో, ఎక్స్‌రే రూము బయట మా అన్న అరిచిన అరుపు ఇది. వరండాలో కట్లు కట్టుకొని కూర్చున్నోళ్ళంతా తలలు తిప్పినారు. కాలికి కట్టున్న ఒకాయనైతే సరిగ్గా వినబడలేదని ఒంటికాలి మీద ఎగురుకుంటా దగ్గరికొచ్చినాడు.

"కమోడు మీద నుంచి లేస్తా పడ్డాడన్నా," అన్నా.

"కమోడా! యాడుండాది మనింట్లో కమోడు?"

లేదు. అదే గదా చెప్పబోతా ఉండా. వినండి.

మా నాయనకి పోయినేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినాయి. కాలు రొంత తిరిగొచ్చింది. చెయ్యి రాలా. సముద్రం మీద బోటు నడిపిన మనిషి ఇప్పుడు కర్ర లేకుండా మంచం దిగలేడు. ఆయన రూముకి అటాచ్డ్ బాత్రూం ఉండాది, పేరుకి. గడప జానెడెత్తు. కింద కూర్చునే సీటు. తలుపు లోపలికి తెరిస్తే ఇంక మనిషికి చోటుండదు. అమ్మ తెల్లారకముందే చేపల గంప ఎత్తుకొని బిట్రగుంట పోతుంది. కాబట్టి నాయన్ని లోపలికి తీసుకుపొయ్యేది నేనే. కూర్చోబెట్టి, బయట నిలబడి, పిలిస్తే పొయ్యి లేపాల.

ఆయన పిలవడు! కూతుర్ని పిలవడానికి సిగ్గు. గోడకి చెయ్యి ఆనించి, మూలుగుతా, ఎంతసేపైనా తనే లేస్తాడు. నేను బయట నిలబడి ఫోన్లో పాటలు గట్టిగా పెడతా. ఆ మూలుగు నాకు వినబడలేదని ఆయన అనుకోవాల గదా!

ఒకరోజు అన్నాడు: "పాపా, తలుపేసుకొని నా అంతట నేను పొయ్యి రావాల. ఇంకేమీ వద్దు నాకు."

అంతే, నాకు పూనకమొచ్చింది. నేను సివిల్ డిప్లొమా సగంలో వదిలేసిన దాన్ని. తర్వాత టైలరింగ్ వదిలేసినా, బ్యూటీషియన్ కోర్సు వదిలేసినా, మొబైల్ షాపులో ఉద్యోగం వదిలేసినా. మా ఇంట్లో నేను మొదలుపెట్టి పూర్తిచేసేది కంచంలో అన్నం ఒక్కటే. ఈ బాత్రూం ప్లాను మాత్రం నాదే అన్నా. నాయుడుపేట నుంచి అన్న ఫోన్లో నవ్వినాడు. నవ్వి నవ్వి సరే అన్నాడు.

కూర్చొని వీడియోలన్నీ చూసినా. గడప తీసెయ్యాల, తలుపు బయటికి తిప్పాల, కమోడు పెట్టాల, జారని టైల్స్ వెయ్యాల. అన్నిటికన్నా ముఖ్యం, కమోడు పక్కన గోడకి స్టీలు కడ్డీ. మంచి చేత్తో అది పట్టుకొని లేస్తాడన్నమాట. కాయితం మీద గీసి చూపించినా.

నాయన ఆ కాయితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "దీంట్లో నేను యాడ కూర్చోవాల?" అన్నాడు. "పడవైనా ఎక్కి చూడకుండా కొంటామా పాపా?"

ఎక్కి చూస్తాడంట! సరే. పొద్దున్నే సిమెంటు వాకిలి కడిగి, టేపుతో కొలిచి, ముగ్గుపిండితో అసలు సైజులో బాత్రూం గీసినా. తెల్ల గీతలు గోడలు. ఖాళీగా వదిలింది తలుపు. కమోడు కాడ ప్లాస్టిక్ కుర్చీ. కుళాయి కాడ బకెట్టు. కడ్డీ కాడ ఏం పెట్టాలో తోచలా. ముగ్గు రంగుల్లో ఎరుపు తీసి ఒక గీత లాగినా.

కుర్చీ నిజం. బకెట్టు నిజం. కడ్డీ రంగు. ఆ తేడా నాకు అప్పుడే తగిలుంటే డిప్లొమా కూడా పాసయ్యుండేదాన్ని.

నాయన కర్ర పట్టుకొని వచ్చినాడు. లేని తలుపు కాడ ఆగి చెప్పులిప్పినాడు! మెల్లిగా లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కర్ర నా చేతికిచ్చి, "నువ్వు బయటికి పో. తలుపెయ్యి," అన్నాడు. గీత దాటొచ్చి, గాల్లో తలుపేసినా. ఆయన నాలుగు పక్కలా చూసుకున్నాడు. జబ్బు చేసినాక ఆ మొహంలో అంత కళ నేను చూడలా.

అంతలో పక్కింటి పోలమ్మత్త గోడలోంచి నడిచి వచ్చేసింది. "ఏందన్నా, ఎండలో కుర్చీ వేసుకున్నావు?"

"ఏమ్మే పోలమ్మా! నేను లోపలుండా! తలుపు కొట్టి రావా?" అని కసిరినాడు నాయన.

అత్త కిందికి చూసింది, గీతలు చూసింది, నన్ను చూసింది. "అయ్యో, తెలవక వచ్చినానన్నా," అని, ఈసారి తలుపులోంచే బయటికి పొయ్యి, కొంగు నోట్లో కుక్కుకొని ఒకటే నవ్వు. నేనూ నవ్వినా. నాయనా నవ్వినాడు. అత్తోళ్ళ కోడి కూడా లోపలికొచ్చింది. దాన్నెవరూ ఏమనలా.

ఆడికి ఆపేసుంటే పొయ్యేది! నాయనకి హుషారొచ్చింది.

"పాపా, రాత్రిపూట కరెంటు పోతే? చీకట్లో లెయ్యగలనో లేదో చూడాల గదా. కళ్ళు మూసుకుంటా. కడ్డీ యాడ?"

"నీ కుడి పక్కనే నాయనా. నడుమెత్తులో. చెయ్యి చాపితే చాలు."

నేనే అన్నా ఆ మాట. పెద్ద ఇంజనీరు లెక్కన అన్నా.

కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి చాపినాడు. ఒంటి బరువంతా దాని మీద వేసినాడు.

ఎర్ర గీత మీద.

"ఎక్కడ పడ్డారు?" అన్నాడు డాక్టరు.

"బాత్రూంలో సార్."

"పెద్దవాళ్ళుండే ఇంట్లో కడ్డీలు పెట్టించుకోవాలమ్మా."

"పెట్టినా సార్."

"మరి? ఊడొచ్చిందా?"

"లేదు సార్. ఉన్న కాడనే ఉండాది."

ఆయన నన్ను ఒక చూపు చూసి ఎక్స్‌రే చూపించినాడు. కుడి చెయ్యి, మణికట్టు. పనిచేసే ఒక్క చెయ్యి. ఈ వయసులో ఎముక అతుక్కున్నా మునుపటి పట్టు రాదన్నాడు.

బయట మా అన్న ఆగలా. "ముగ్గేసి మనిషిని పడగొడతావా! ఇంకెవరన్నా చేస్తారా ఈ పని?" అమ్మ బిట్రగుంట నుంచి చేపల వాసనతోనే వచ్చింది. నా వేళ్ళకంటిన ఎరుపు చూసి కొంగుతో తుడిచింది. దానికంటే అన్న తిట్లే నయం.

నాయన పిండికట్టుతో పడుకొని, అన్న ఊపిరి పీల్చుకునే సందు చూసి నన్ను పిలిచినాడు. చెవి దగ్గర పెట్టినా. తిడతాడులే అనుకున్నా.

"పాపా, ఆ కడ్డీ రొంత దూరంగా పెట్టినావు. అందలా. దగ్గరికి జరుపు."

ఇంటికొచ్చేసినాం. ఇప్పుడు తలుపేసుకునే మాటే లేదు, నేనూ లోపలే ఉండాల. నీళ్ళు పోసేది నేను, కడిగేది నేను, తుడిచేది నేను. ఆయన కళ్ళు మూసుకుంటాడు. ఫోన్లో పాటలు పెడతా. ఇద్దరం వింటాం.

నేను పుట్టి బుద్ధెరిగినాక మా నాయన నా మాట నమ్మి ఒక్క పని చెయ్యలా. ఆ రోజు నమ్మినాడు. కళ్ళు మూసుకొని మరీ నమ్మినాడు.

పొద్దున మేస్త్రి వచ్చి గడప పగలగొట్టేసినాడు. ఇప్పుడు నిజం స్టీలు కడ్డీ చేతిలో పట్టుకొని, "ఏమ్మా, దీన్ని ఏ పక్క బిగించేది?" అని నా మొహం చూస్తా ఉండాడు. ఎడమ చేతిని పక్షవాతం తీసుకుంది, కుడి చేతిని నా ప్లాను తీసుకుంది. మీరన్నా చెప్పండి, ఏ పక్క బిగించమనేది?